క్వైట్ స్ప్లాష్ నోమోడ్‌సెట్: టీకా తాత్పర్య సహితం

మూలం: క్వైట్ స్ప్లాష్ నోమోడ్‌సెట్

అవతారిక: నరసరావుపేట వాస్తవ్యుడైన ఒక విశ్రాంత తెలుగు పండితుడు, అనగా నేను, పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ వేయించుకొని, అందులో విండోలు జెల్లీలా ఊగాలనీ, తెర ఘనాకారం దాల్చి గిర్రున తిరగాలనీ ముచ్చటపడి, గ్రాఫిక్స్ కార్డుకు డ్రైవర్ ఎక్కించి, మెషీను ఆపి మళ్లీ వేసి, కాటుక పూసినట్టున్న తెర ముందు నిశ్చేష్టుడై, హైదరాబాదులో ఉన్న తమ్ముడి కొడుక్కి ఫోన్ చేయగా, ఆ చిరంజీవి "సింపుల్ పెదనాన్నా, గ్రబ్‌లో ఒక్క లైను మార్చు" అని యంత్రం లేవగానే లినక్స్‌ను పిలిచే ఆ గ్రబ్‌లో ఉండవలసిన పై మూడు పదాలూ ఉపదేశించి ఫోన్ పెట్టేశాడు. మంత్రం చెప్పి అర్థం దాచే గురువులు పూర్వమూ ఉన్నారు. వాళ్లు పన్నెండేళ్ల శుశ్రూష తర్వాతైనా నోరు విప్పేవారు.

ప్రతిపదార్థం:

క్వైట్ = సులభం. విడిచాను.

స్ప్లాష్ = ఇదీ అంతే.

నోమోడ్‌సెట్ = ఇక్కడ వ్యాఖ్యాతలు రెండు తెగలు. మొదటి తెగవారు 'నో' ఇంగ్లీషు మాట అంటారు. సంస్కృతంలోనూ 'నో' నిషేధార్థకమైన అవ్యయమే కనుక అప్పు ఎవరు ఎవరికి తీర్చాలో తేలదు. రెండో తెగలో నేనొక్కణ్ణే. స్పెల్లింగును ఉన్నదున్నట్టు చదివితే 'నోమోడెసెట్' అవుతుంది. నోము + ఓడె + సెట్టు అని పదచ్ఛేదం, ఉత్వసంధి. నోము ఓడినవాడి కంప్యూటర్ సెట్టు అని అర్థం. వ్రతం చెడ్డా ఫలం దక్కలేదని ధ్వని.

మోడ్ అంటే తెర కొలత, రంగుల లెక్క, సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారాలన్న వేగం. పూర్వం ఈ పెత్తనం తెర మీద విండోలు చూపించే ఎక్స్ సర్వర్‌ది. 2009 నుంచి లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ దాన్ని తన చేతిలోకి లాక్కోవడం మొదలుపెట్టింది. ఆ జోలికి పోవద్దని కెర్నెల్‌కు చెప్పడమే ఈ పదం పని. చాలా డ్రైవర్లు ఆ మాట వినగానే దిగడం మానేస్తాయి. తెర వెలుగుతుంది, కార్డు పడుకుంటుంది. బొమ్మలు గీసే చాకిరీ ఎల్‌ఎల్‌వీఎంపైప్ అనేదాని ద్వారా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. ఎద్దును కొట్టంలో కట్టేసి బండివాడి చేత బండి లాగించడమన్నమాట. ఏ ఊగుడు కోసం ఇదంతా మొదలెట్టామో, మందు మొదట మింగేది దాన్నే.

విశేషం: బండి అన్నాను కనుక ప్రభ గురించి చెప్పక తప్పదు. ప్ర + భా, మిక్కిలి వెలుగు. మహాశివరాత్రికి కావూరు, పురుషోత్తమపట్నం లాంటి ఊళ్ల నుంచి కోటప్పకొండకు నడిచొచ్చేవి ప్రభలు. 80, 90 అడుగుల ఎత్తున కట్టిన చట్రం, దాని నిండా బల్బులు, కింద చక్రాలు, వెనక జనరేటరు. దారిలో కరెంటు తీగలు అడ్డొస్తే ఆ తీగలే తప్పుకోవాలి, ప్రభ వంగదు. చుట్టూ మోకులు పట్టినవాళ్లు ఉంటారు. ఇటు ఒరిగితే అటు మోకు బిగుస్తుంది, అటు ఒరిగితే ఇటు. చిన్నప్పుడు నాన్న భుజం మీద కూర్చుని పై బల్బుల నెమలిని చూస్తుంటే, "పైకి కాదురా, ఆ మోకు పట్టినాయన చేతులు చూడు" అన్నాడాయన. చూశాను. అరచేతులకు గోనెపట్టా చుట్టుకొని ఉన్నాడు. అతని మొహాన వెలుగు పడలేదు. అంత వెలుతురు కింద కూడా.

మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ మల్లినాథసూరి మాటిచ్చాడు. ఆయన కాళిదాసుకు రాశాడు, గ్రబ్‌కు కాదు.

2006లో డేవిడ్ రెవెమన్ ఈ ఊగుడు తెచ్చిన కంపిజ్‌ను బయటపెట్టినప్పుడూ అందరూ పై బల్బులనే చూశారు. అదే ఏడు కొందరు విడిపోయి బెరిల్ అని వేరుకాపురం పెట్టారు, 2007లో తిరిగొచ్చి కలిశారు. బ్రహ్మనాయుడికీ నాయకురాలు నాగమ్మకూ ఆ బుద్ధి పుట్టి ఉంటే కారంపూడిలో అంత నెత్తురు పారేది కాదు. కింద మోకులు పట్టే డ్రైవర్ల మాట ఎవరికి కావాలి? లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్‌కు కావలసి వచ్చింది. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో, తోడ్పాటు లేదన్న కోపంతో గ్రాఫిక్స్ కార్డుల సంస్థ ఎన్‌విడియాకు నడిమి వేలు చూపించాడు. భరతముని లెక్కపెట్టిన 24 అసంయుతహస్తాల్లో ఆ ముద్ర లేదు. 2022లో ఆ సంస్థ తన కెర్నెల్ మాడ్యూళ్ల మూలాన్ని బయటపెట్టింది. ముద్ర ఫలించడానికి పదేళ్లు. నా కార్డు ఎవరిదో ఇక్కడ అప్రస్తుతం.

పునర్విచారం: 'క్వైట్' సులభమని విడిచాను. తప్పు నాదే. ఆ పదానికి అర్థం, బూటయ్యేటప్పుడు యంత్రం చెప్పేది ఏదీ తెర మీద పడనీయవద్దని. 'స్ప్లాష్' అంటే దాని నోటికి అడ్డంగా ఒక అందమైన బొమ్మ పెట్టమని. మూడో రాత్రి ఆ రెండూ పీకేశాను. తెల్లని వరసలు చీమల్లా దిగాయి. ఫలానా మాడ్యూల్ దొరకలేదని వాటిలో ఒక వరస. డ్రైవర్ పెట్టిన రోజే కెర్నెల్ కూడా కొత్తది దిగిందట. పాత కెర్నెల్‌కు కట్టిన డ్రైవర్ మాడ్యూల్ కొత్తదానిలో ఇమడదు. మళ్లీ కట్టడానికి డీకేఎంఎస్ ఉంది, దానికి ఆ కెర్నెల్ హెడర్లు కావాలి, నా దగ్గర అవి లేవు. ఇంతే. ఫోన్‌లో అర నిమిషం పట్టేది. నాకు చేతకాదని కాదు, అడిగినవాడికి అర్థంతో పనేముందని వీళ్లకొక నమ్మకం. తెలుగులో ఎక్కడన్నా రాసి పెట్టారా అని వెతికితే అక్కడా ఒక్క లైనే, కాపీ చేసి అతికించమని.

తాత్పర్యం: హెడర్లు తెచ్చుకొని, మూడో పదం తీసేసి, మళ్లీ వేశాను. విండో పట్టుకొని లాగాను, ఊగింది. చిరంజీవికి ఫోన్ చేసి చెబితే, "చెప్పాగా పెదనాన్నా, సింపుల్" అన్నాడు.

ఇది నరసరావుపేట పురవాస, నిద్రాహార విసర్జన ధురంధర, పెదనాన్న నామధేయ ప్రణీతంబైన గ్రబ్ వ్యాఖ్యయందు ప్రథమాశ్వాసము. ద్వితీయాశ్వాసము కెర్నెల్ అప్‌డేట్ వచ్చిన మర్నాడు.