రాత్రికి గంట కోత

ఆపద వచ్చినా తన పని ఆగకుండా ఒక సంస్థ ముందే చేసి పెట్టుకునే ఏర్పాటును అత్యవసర ప్రణాళిక అంటారు. ఇందులో పాత పద్ధతి, కొత్త పద్ధతి అని రెండున్నాయి.

పాత పద్ధతి ఖర్చుతో కూడుకున్నది. బ్యాంకు ఒక ఊళ్లో డేటా సెంటర్ పెట్టి, అక్కడ భూకంపం వచ్చినా వరద వచ్చినా లావాదేవీలు ఆగకూడదని వేరే ఊళ్లో ఇంకొకటి నడుపుతుంది. ఆస్పత్రి జనరేటర్ కొంటుంది, డీజిల్ నింపుతుంది, కరెంటు పోకపోయినా అప్పుడప్పుడూ దాన్ని స్టార్ట్ చేసి చూస్తుంది. విమానయాన సంస్థ అయితే కొందరు పైలెట్లను స్టాండ్‌బైలో ఉంచుతుంది. ఎవరికో జ్వరమొస్తే బదులు వెళ్లడానికి యూనిఫాం సిద్ధం చేసుకుని, ఫోన్ పక్కన పెట్టుకుని ఇంట్లో కూర్చోవడమే వారి డ్యూటీ. అలా కూర్చున్న మనిషికి జీతమెందుకని ఏ బోర్డురూములో ఎవరు మొదట అడిగారో గాని, పాత పద్ధతికి అక్కడే కాలం చెల్లింది.

కొత్త పద్ధతి 2025 డిసెంబరు 5న మన దేశంలో అమల్లోకి వచ్చింది. దీనికి పైలెట్లు అక్కర్లేదు, డీజిల్ అక్కర్లేదు. లెటర్‌హెడ్ ఉంటే చాలు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆ రోజు ఇచ్చిన మినహాయింపు సారాంశం ఇది: రాత్రి డ్యూటీ లెక్కలో రాత్రంటే పన్నెండు నుంచి ఆరు దాకా అని కొత్త నిబంధన చెబుతున్నా, ఇండిగోలో ఎయిర్‌బస్ ఏ320 విమానాలు నడిపేవారికి మాత్రం అది వర్తించదు. వారికి మునుపటిలాగే ఐదింటికే రాత్రి అయిపోతుంది. గడువు 2026 ఫిబ్రవరి 10.

ఈ పద్ధతిలో కొన్ని దశలున్నాయి.

మొదటిది ముందస్తు సమాచార దశ. పైలెట్ల అలసటను తగ్గించే డ్యూటీ నిబంధనలను డీజీసీఏ 2024 జనవరిలో ప్రకటించింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది. రాత్రి నిర్వచనం ఐదు నుంచి ఆరుకు జరిగింది. రాత్రివేళ ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. అదే ఏడాది జూన్ 1 నుంచి అమలు కావాల్సిన వీటిని సంస్థల అభ్యంతరాలతో పక్కన పెట్టారు. పైలెట్లు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాక, 2025 జులై 1న కొన్ని, నవంబరు 1న మిగిలినవి అమలు చేయాలని తేలింది. ప్రకటనకూ పూర్తి అమలుకూ మధ్య దాదాపు 22 నెలలు. తుపాను రెండు మూడు రోజుల ముందు చెప్పి వస్తుంది. భూకంపం అదీ చెప్పదు. ఇంత మర్యాదగా, తారీఖు వేసి, కోర్టు ద్వారా కబురు పంపి మరీ వచ్చిన ఆపద విపత్తుల చరిత్రలో అరుదు.

రెండోది సన్నద్ధత దశ. ఎక్కువ విశ్రాంతి ఇవ్వాలంటే ఎక్కువమంది పైలెట్లు కావాలి, లేదా తక్కువ విమానాలు నడపాలి. మూడో దారి లెక్కల పుస్తకంలో లేదు. రోజుకు 2,200కు పైగా సర్వీసులు నడిపే సంస్థ, దేశీయ ప్రయాణికుల్లో నూటికి అరవై మందికి పైగా మోసే సంస్థ అయిన ఇండిగో, శీతాకాలం షెడ్యూలులో సర్వీసులు పెంచింది. నియామకాలు మాత్రం చాలాకాలంగా ఆపేసిందని పైలెట్ల సమాఖ్య ఆరోపించింది.

మూడోది ఆశ్చర్య దశ. నవంబరులో 1,232 సర్వీసులు రద్దయ్యాయి. డిసెంబరు మొదటి వారంలో వేళకు వెళ్లిన విమానాల శాతం ఒకరోజు ముప్పై అయిదుకూ, మర్నాడు ఇరవైకీ పడిపోయింది. 5వ తేదీన ఒక్కరోజే వెయ్యికి పైగా రద్దు. ఢిల్లీ నుంచి ఆ రోజు అర్ధరాత్రి దాకా సంస్థ దేశీయ విమానం ఒక్కటీ లేవలేదు. శంషాబాదులో సూట్‌కేసులు గుట్టలుగా పడ్డాయి. ఇరుముడితో వచ్చిన అయ్యప్ప స్వాములు బోర్డింగ్ గేటు దగ్గరే శరణుఘోష అందుకున్నారు. అంచనా తప్పింది, ప్రణాళికలో లోపాలున్నాయి అని సంస్థ అప్పుడు ఒప్పుకుంది. ఇతర సంస్థల టికెట్లు ఆకాశాన్నంటాయి గనక 500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి 7,500 రూపాయలు, వెయ్యి నుంచి 1,500 దాకా అయితే 15,000 అంటూ కేంద్రం పరిమితి పెట్టింది. రైల్వే 37 రైళ్లకు 116 అదనపు బోగీలు తగిలించింది. విమానయాన సంస్థ దగ్గర ఉండాల్సిన అత్యవసర ప్రణాళిక చివరికి రైల్వే యార్డులో దొరికిందన్నమాట.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వారని పూర్వం ఎద్దేవా చేసేవారు. తవ్వినవాడు కనీసం గునపమైనా పట్టాడు. నాలుగో దశలో ఆ శ్రమ కూడా లేదు. ఇక్కడే రాత్రికి కోత పడుతుంది.

కరెంటు కోతకు అలవాటుపడిన తెలుగువారికి ఈ కోత అర్థం కావడం కష్టమేమీ కాదు గాని, అమలులో కొన్ని చిక్కులున్నాయి. డిసెంబరులో హైదరాబాదు మీదికి సూర్యుడు ఆరున్నర అయితే గాని రాడు. కనుక శంషాబాదు రన్‌వే మీద తెల్లవారుజామున ఐదుంబావుకు ఇండిగో ఏ320లో పగలు, కాక్‌పిట్ అద్దం అవతల చీకటి ఉంటాయి. పక్క స్టాండులో వేరే సంస్థ తాలూకు అదే ఏ320 నిలబడి ఉంటే అందులో ఇంకా రాత్రే. చిన్న ఊళ్లకు వెళ్లే ఇండిగో ఏటీఆర్‌లోనూ రాత్రే, ఎందుకంటే మినహాయింపు ఎయిర్‌బస్‌కే వచ్చింది, ఏటీఆర్‌కు రాలేదు. భర్త ఎయిర్‌బస్, భార్య ఏటీఆర్ నడిపే ఇంట్లో ఐదున్నరకు ఆయనకు తెల్లారి ఉంటుంది, ఆమెకు తెల్లారదు. ఆమె ‘ఇంకాసేపు పడుకోండి’ అంటే అది నిబంధనల ఉల్లంఘన కిందికి వస్తుందా అన్నది తేలాలి.

పంచాంగకర్తలకు పని పెరిగింది. సూర్యోదయం, సూర్యాస్తమయం, రాహుకాలం, వర్జ్యం పక్కన ఏ320 వారికి వేరే గడి వేయాలి. బ్రాహ్మీ ముహూర్తాన్ని గంట వెనక్కి జరపాలి. మినహాయింపు కాలంలోనే ధనుర్మాసం పడింది. గుళ్లో తిరుప్పావై సేవ చీకటితోనే జరగాలన్నది ఆచారం కాబట్టి, ఎయిర్‌బస్ పైలెట్ ఐదున్నరకు గుడికి వెళితే పగటి పూజలో ఉన్నట్టా, రాత్రి పూజలో ఉన్నట్టా? కోడికి ఉత్తర్వు ప్రతి పంపాలి. మెదడులో నిద్రను పుట్టించే భాగానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, అందినట్టు రసీదు తీసుకోవాలి. అది ప్రభుత్వోద్యోగి కాదు, మెమో ఇచ్చినా లొంగదు.

సెలవు విషయంలోనూ ఇలాంటి సవరణే జరిగింది. పైలెట్ పెట్టుకున్న సెలవును వారపు విశ్రాంతి కింద జమ కట్టకూడదన్న ఆదేశాన్ని అదే రోజు ఉపసంహరించారు. ఇది అన్ని సంస్థలకూ వర్తిస్తుంది. అంటే చెల్లెలి పెళ్లికి సెలవు పెట్టి, రెండు రాత్రులు మండపంలో కుర్చీలు మోసి, అప్పగింతలయ్యాక తిరిగొచ్చిన పైలెట్ కాగితం మీద బాగా విశ్రాంతి తీసుకున్న మనిషి. అంత్యక్రియలకు వెళ్లొచ్చినవాడూ అంతే.

సంస్థల నిర్వహణ శాస్త్రంలో ఈ ఆవిష్కరణ విమానాలతో ఆగితే నష్టం. గోదావరి భద్రాచలం దగ్గర 53 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జులైలో నది 71 అడుగులు దాటింది, వేలమందిని తరలించాల్సి వచ్చింది, లాంచీలు, పునరావాస కేంద్రాలు, పులిహోర పొట్లాలు, అంతా హడావిడి. హెచ్చరికను 75 అడుగులకు మార్చి ఉంటే ఆ జులైలో భద్రాచలానికి వరదే లేదు. థర్మామీటరులో జ్వరం గీతను 103 దగ్గర గీస్తే జ్వరాల ఆస్పత్రిలో పడకలు ఖాళీ అవుతాయి. అగ్నిమాపక శాఖ మంటకు ఎత్తు నిర్ణయించి, అంతకు తక్కువైతే దాన్ని వెలుతురుగా నమోదు చేసుకోవచ్చు. ఏ శాఖకూ బడ్జెట్ అడగాల్సిన పనిలేదు. ఈ పద్ధతిని ఇంకా గుర్తించని దేశాలున్నాయి. అమెరికాలో 2022 క్రిస్మస్ వేళ సౌత్‌వెస్ట్ సంస్థ 16,700 పైచిలుకు సర్వీసులు రద్దు చేస్తే, అక్కడి రవాణా శాఖ ఏడాది తర్వాత 14 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. గడియారం జోలికి పోవాలన్న ఆలోచన వాళ్లకు తట్టినట్టు లేదు.

ఐదో దశ వివరణ. పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడి ప్రకటన దీనికి నమూనాగా పాఠ్యపుస్తకాల్లో చేర్చదగినది. డ్యూటీ నిబంధనలను తక్షణం పక్కన పెడుతున్నామనీ, భద్రత విషయంలో ఏ రాజీ లేకుండానే ఈ నిర్ణయం తీసుకున్నామనీ, వృద్ధులు, విద్యార్థులు, రోగులు వంటి ప్రయాణికుల మేలు కోసమేననీ అందులో ఉంది. ఇందులో తర్కం తిరుగులేనిది. నిబంధన పెట్టింది భద్రత కోసం. నిబంధన తీసేశారు. భద్రత అలాగే ఉంది. అలాంటప్పుడు నిబంధన ఎందుకు పెట్టారు, కోర్టు దాకా ఎందుకు వెళ్లనిచ్చారు, 22 నెలలు ఎందుకు చర్చించారు అన్నవి సిలబస్‌లో లేని ప్రశ్నలు.

సిలబస్‌లో లేనిది ఇంకొకటుంది. 2010 మే 22న దుబాయి నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరు టేబుల్‌టాప్ రన్‌వే దాటిపోయి లోయలో పడి కాలిపోయింది. 166 మందిలో 158 మంది చనిపోయారు. కాక్‌పిట్ వాయిస్ రికార్డరులో మిగిలిన రెండు గంటల పైచిలుకు రికార్డింగులో మొదటి గంటా నలభై నిమిషాలు పైలెట్ల మధ్య మాటే లేదు. ఉన్నది కెప్టెన్ గురక. నిద్ర లేచాక మగత వదలని మనిషి ఎత్తు ఎక్కువైన విమానాన్ని దింపడానికి పూనుకున్నాడు. మళ్లీ పైకి లేపుదామని కో-పైలెట్ మూడుసార్లు చెప్పాడు. విమానం కూలింది ఉదయం ఆరు దాటి అయిదు నిమిషాలకు. అంటే ఈ ఉత్తర్వు పగలని ప్రకటించిన గంట, ఆ కెప్టెన్ చాలావరకు నిద్రలో గడిపిన గంట, ఒకటే.

తెల్లవారుజామున రెండు నుంచి ఆరు మధ్య మనిషి మెలకువ అట్టడుగున ఉంటుందని విచారణ సంఘానికి తెలుసు, డీజీసీఏకు తెలుసు, నిబంధన రాసినవారికీ తెలుసు. తెలిసే ఆరు అని రాశారు. తెలిసే ఐదు అని కొట్టేశారు. మధ్యలో మారింది విజ్ఞానం కాదు, ఒక సంస్థ షెడ్యూలు. ఈ సంస్థ విఫలమైతే దేశం ఆగిపోతుంది అనే స్థితికి దాన్ని పెరగనిచ్చి, అది విఫలమైన రోజున చెల్లించాల్సిన మూల్యాన్ని పైలెట్ల కళ్ల మీద, వెనక కూర్చున్న 180 మంది ప్రాణాల మీద వేశారు. టికెట్ కొన్నవాళ్లలో ఒక్కరినైనా అడిగారా, ఆలస్యంగా వెళతారా లేక నిద్రమత్తులో ఉన్నవాడితో వెళతారా అని? వృద్ధులు, రోగులు అన్న పేర్లను ఈ ఉత్తర్వుకు డాలుగా పట్టడం సిగ్గుచేటు. కంటినిండా నిద్రపోయి వచ్చిన మనిషే వారిని క్షేమంగా దింపగలడు.

మినహాయింపుకు షరతులు పెట్టారు. పదిహేను రోజులకోసారి సంస్థ ప్రగతి నివేదిక ఇవ్వాలి, ముప్పై రోజుల్లో పూర్తి అమలుకు మార్గసూచి సమర్పించాలి. వీటితోపాటు ఆ ఐదు నుంచి ఆరు మధ్య గంటకు జవాబుదారీ ఎవరో పేరు, హోదా, సంతకంతో కాగితం మీద ఉండాలి. లేదంటే ఇలాంటి గడువు ఏది దగ్గరపడినా పైలెట్లు ఇంకా చాలలేదని తేలుతుంది, ఈసారి నాలుగింటికే తెల్లారుతుంది.