వరుణునిపై నేరారోపణ

వార్తాపత్రికలో ఆటలపుటను తిరుగవేసినప్పుడెల్ల నాకొక పెద్దమనిషి దురవస్థ కనబడుచుండును. ఆయన పేరు వరుణుడు. వేదకాలమునుండి ఋషుల స్తుతులందుకొని, యజ్ఞములందు భాగము పుచ్చుకొని, కప్పలపెండ్లిండ్లకును విరాటపర్వ పారాయణములకును మాత్రమే లొంగుచు గౌరవముగ బ్రదికిన ఆ దేవుడు, క్రికెట్టు టెలివిజన్ హక్కులు కోట్లకు అమ్ముడుపోవ మొదలిడిన నాటినుండి ప్రతినాయకుడైపోయెను. మ్యాచ్‌ను మ్రింగినవాడు ఆయనయే. అభిమానుల ఆశలపై నీళ్ళు చల్లినవాడు ఆయనయే. ఫైనలుకు పొంచియున్న గండమును ఆయనయే. ముద్దాయిని విచారించినవారు లేరు, సాక్షులను పిలిచినవారు లేరు, ఆయన పక్షమున నిలిచిన వకీలు లేడు. అందుచేత, తిరుచ్చులి తాలూకాలో మెట్టచేను గల తెలుగువాడనను హోదాతో ఆ వకాలతు నేను పుచ్చుకొనుచున్నాను. ఫీజు అక్కరలేదు, తమిళుల అయిప్పసి నెలలో నాలుగు పదునువానలు కురిసిన చాలును.

మా సీమనుగూర్చి రెండు మాటలు చెప్పవలెను. విజయనగర, నాయకరాజుల కాలమున తెలుగునాటినుండి వలసవచ్చి, కోవిల్పట్టి, సాత్తూరు, విరుదునగరము, అరుప్పుకోట చుట్టుపట్ల నల్లరేగడిని దున్ని బ్రదికిన కుటుంబములవారు, ఇంటిలో తెలుగును వీధిలో తమిళమును మాటాడుచు, ఆకాశమువంక మాత్రము రెండు భాషలలోను చూచుచుందురు. ఏడాదికి ఇంచుమించు 800 మిల్లీమీటర్ల వాన; అందును పెద్దపాలు ఈశాన్య ఋతుపవనము తెచ్చి అయిప్పసి, కార్తికలలో కుమ్మరించునది. ఆ రెండు నెలలు మొగము చాటుచేసినచో ప్రత్తి లేదు, మిరప లేదు, కంబు (సజ్జ) లేదు, కణ్మాయి అను మా చెరువులో చేప లేదు. ఈ పొడిగాలిని నమ్ముకొనియే శివకాశి టపాకాయలును, కోవిల్పట్టి అగ్గిపెట్టెలును వర్ధిల్లినవన్న మాట నిజమే; కాని అగ్గిపుల్లలను ఎవరును వండుకొని తినలేరు. కోవిల్పట్టికి చేరువనున్న ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టి, కరిసల్ (నల్లరేగడి) కథలను తమిళమున చెప్పి సాహిత్య అకాడెమీ బహుమానమందుకొన్న కి. రాజనారాయణన్, తాను వానకు తలదాచుకొనుటకే బడిలో దూరితిననియు, దూరియును బడిని చూడక వానను చూచుచు నిలిచిపోతిననియు పరిహాసముగ చెప్పెడివారు. మా ఊళ్ళలో పెద్ద ఆట అదియే. ప్రేక్షకులు టిక్కెట్టు కొనకయే వత్తురు. ఆటగాడు మాత్రము తరచుగ రాడు.

2025 మే 17న బెంగుళూరు చిన్నస్వామి మైదానమున బెంగుళూరు, కోల్కతా జట్ల ఐపీఎల్ మ్యాచ్ ఒక్క బంతియైన పడకయే వానకు కొట్టుకొనిపోయెను. అరుప్పుకోట దారిలోని టీకొట్టులో టెలివిజన్‌పై ఆ వానను చూచుచున్న మా ఊరి ముసలాయన ఒకడు, మైదానమంతట పరచిన పెద్దపెద్ద పట్టలను చూపి, "ఏమి నాయనా, అక్కడ మిరపకాయలు ఆరబోసినారా?" అని అడిగెను. "లేదు మామా, వట్టి నేలే" అంటిని. ఆయన చేతిలోని గ్లాసును బల్లపై పెట్టి, "వట్టి నేలను తడవకుండ కప్పుతారా!" అని నావంక అనుమానముగ చూచెను. పరాచికమాడుచున్నాననుకొనెనేమో.

పట్టలు చాలవని ఆ మైదానమువారు దాని క్రింద గొట్టములు పాతి, యంత్రములచే నీటిని లోనికి పీల్చు ఏర్పాటొకటి 2017లో చేసి, ప్రపంచమున క్రికెట్టు మైదానములలో ఇదియే ప్రప్రథమమని చాటుకొనిరి. అగస్టాలోని గోల్ఫు మైదానమున అట్టిది అంతకు ముందే కలదు. ప్రప్రథమమను మాటకు మా ఊరివారు ఒప్పుకొనరు. పూర్వము ప్రళయజలము ముంచుకొనివచ్చినప్పుడు మా తిరుచ్చులి శివుడు శూలముతో నేలను గ్రుచ్చి, ఆ నీటినెల్ల సుడితిరిగించి ఆ రంధ్రములోనికి పంపెనని మా స్థలపురాణము. కరెంటు లేదు, టెండరు లేదు, మరమ్మతుల ఖర్చు లేదు. పైగా ఆయన నీటిని పంపినది లోకము మునుగకుండుటకు. వీరు పంపునది రాత్రి ఎనిమిది గంటల ప్రకటనలు తడవకుండుటకు. అయినను మే 17 నాటి వానముందు ఆ యంత్రములు చేయునది లేకపోయెను.

వకీలుగ నా ప్రధానవాదము ఇది: వాన దారితప్పి ఆటలోనికి వచ్చినది కాదు, ఆటయే వాన దారిలో పందిరి వేసికొన్నది. పందిరి వేయువాడు పంచాంగము చూడవలెను. ఈ ఆటల పెద్దలు ప్రకటనల పట్టికను చూతురు. కోస్తాసీమలో అక్టోబరు, నవంబరు మాసములు తుపానుల కాలమని బెస్తవారి పసిబిడ్డయు నెరుగును. అయినను 2014 అక్టోబరు 14న విశాఖపట్టణమున భారత, వెస్టిండీసు జట్ల వన్డేకు ముహూర్తము పెట్టిరి. 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఆ నగరమునే చీల్చుకొనిపోయెను, వన్డే రద్దయ్యెను. ఆనాడు విశాఖ పోగొట్టుకొన్న వానిలో ఆట అత్యల్పమైనది.

ఈ అజ్ఞానము మనవారి సొత్తే కాదు. టోక్యోవారు ఒలింపిక్సును అర్థించుచు, జూలై, ఆగస్టులలో తమయొద్ద ఎండ మృదువుగ నుండుననియు, క్రీడాకారులకది ఆదర్శఋతువనియు దరఖాస్తులో వ్రాసికొనిరి. తీరా గడువు సమీపించుసరికి మారథాన్ పరుగును ఎనిమిదివందల కిలోమీటర్లు ఉత్తరముననున్న సప్పొరోకు తరలించిరి. అక్కడను 2021లో స్త్రీల పరుగును వేడికి జడిసి ఒక గంట ముందునకు జరిపిరి. కతారువారు వేసవిలోనే ప్రపంచ ఫుట్‌బాలు పోటీలు నడిపింతుమని 2010లో ఆ పోటీలను దక్కించుకొని, కడకు 2022 నవంబరు, డిసెంబరులలో నడిపించిరి. ఎడారిలో వేసవి వేడిగ నుండునని కనుగొనుటకు ఫుట్‌బాలు పెద్దలకు నాలుగైదేండ్లు పట్టెను.

వాన వచ్చుట నేరమైనచో రాకుండుటయైన పుణ్యము కావలెను గదా, అదియును లేదు. 2016లో మరాఠ్వాడా కరవుపాలై, లాతూరు పట్టణమునకు ఏప్రిల్ 12న తొలి నీళ్ళరైలు ఐదులక్షల లీటర్లతో చేరెను. మరునాడే బొంబాయి హైకోర్టు, ఏప్రిల్ 30 తరువాతి ఐపీఎల్ మ్యాచ్‌లను మహారాష్ట్రము వెలుపలికి తీసికొనిపొండని ఆజ్ఞాపించెను. పిచ్చులకు పోయు నీటినిగూర్చి లెక్క అడిగిన పాపమునకు న్యాయస్థానము ఎన్నెన్ని మాటలు పడెనో! రెండేండ్లనాడు తుపాను తిన్న విశాఖపట్టణమే ముంబయి, పూణే జట్లకు సొంతయిల్లయ్యెను.

గోల్ఫును విడిచిన ఈ వాదము అసంపూర్ణము. స్కాట్లండు పచ్చికను, స్కాట్లండు చలిగాలిని వెదకుచు దొరలు 1895లోనే కొడైకానలు కొండపై గోల్ఫు క్లబ్బు పెట్టుకొనిరి. కొండయెక్కు వీలులేనివారు ఎండుసీమలలో పచ్చికకు బదులు నూనెతో తడిపిన ఇసుకను పరచి ఆడుకొనిరి. ఆపాటి వినయము వారికుండెను. కంపెనీ ఖర్చుతో గోల్ఫు విహారమునకు పోవు నేటి పెద్దలకు అది లేదు. వేసవిలోను పచ్చిక పచ్చగనే ఉండవలెను, వాన మాత్రము శనివారమున పడరాదు. వారికి నా సవినయమైన ఆహ్వానము: తిరుచ్చులికి దయచేయుడు. ఎండలు మండు పంగుని, చిత్తిర నెలలలో మా రేగడి నెర్రెలు విచ్చును. కొన్నింట మోచేతివరకు చేయి దూరును. లోపలి మన్ను పైమన్నుకంటె నల్లగ, చల్లగ తగులును. అచట పదునెనిమిది గుంటలు త్రవ్వు శ్రమ లేదు. బంతిని ఏవంక కొట్టినను ఏదో ఒక నెర్రెలో పడును, ప్రతివాడును ఒక్కదెబ్బకే గుంట కొట్టిన వీరుడగును. గట్టునంతట సీమకరువేలము, బంతిని వెదకపోయినవాడు చొక్కాను దానికి కానుకయిచ్చి వచ్చును. అయిప్పసిలో దయచేసిన, ఒక్కొక్క బూటుకు రెండేసి వీసెల మన్ను ఉచితము.

ఉరుము వినబడగనే గోల్ఫు మైదానములలో సైరను మ్రోగును. ఆటగాండ్రు బంతిని వదలి ఆశ్రయమునకు పోవుదురు. దీనిని నేను పరిహసింపను. 1975లో షికాగో సమీపమున ఆడుచు గోల్ఫు ఆటగాడు లీ ట్రెవినో ప్రభృతులు పిడుగుపాటునకు గురియైరి. కాని అదే ఉరుము క్రింద మిరపచేనిలో వంగి కలుపు తీయుచున్న ఆడుకూలికి సైరను ఊదువారెవరు?

న్యాయముగ ఒక మెచ్చుకోలును చెప్పవలెను. మావారు హాకీపట్టి అని మురియు కోవిల్పట్టిలో మే నెల కత్తిరి ఎండలలో లక్ష్మీ అమ్మాళ్ స్మారక హాకీపోటీలు జరుగును. సింథటిక్ మైదానమునకు ఆటకుముందు నీళ్ళు చల్లవలెను. లేకున్న బంతి సరిగ పారదు, పడినవాని మోకాలి చర్మము లేచిపోవును. తాగునీటికి బిందెలు వరుసపెట్టు సీమలో ఆ తడిని చూచినప్పుడు మనసు రెండుగ చీలును. ఆ పిల్లలను నిందించుటకు నాకు నోరు రాదు. అయితే 2025 జూనియర్ ప్రపంచ హాకీని నవంబరు 28 మొదలు డిసెంబరు 10 వరకు చెన్నై, మదురైలలో, సరిగ ఋతుపవనము నడుమ పెట్టినవారు, తెలిసి చేసినను తెలియక చేసినను, నీళ్ళడుగు ఆటను నీళ్ళున్న నెలకు ముడివేసిరి.

ఇక అంకగణితము. 1992 క్రికెట్టు ప్రపంచకప్పు సిడ్నీ సెమీఫైనలున పదమూడు బంతులలో 22 పరుగులు చేయవలసిన దక్షిణాఫ్రికా, కొద్ది నిమిషముల వాన వెలియుసరికి ఒక్క బంతికి ఇరువదికి పైగ చేయవలసివచ్చెను. లోకమంతయు అయ్యో అనెను. డక్‌వర్త్, లూయిస్ అను ఇంగ్లండు గణాంకవేత్తల సూత్రము 1997లో అమలునకు వచ్చెను. మన కేరళ ఇంజనీరు జయదేవన్ దానికి పోటీగ మరియొకటి కట్టెను. సారము ఒక్కటే: వాన ఓవర్లను మ్రింగినచో లక్ష్యమును సవరింపవలెను, తన తప్పు లేనివానిని ఓడింపరాదు. పదునొకండుగురు యువకులకొరకు ఇంతటి ధర్మబుద్ధి పుట్టినప్పుడు వానను నమ్ముకొన్న మానావారి రైతుకొరకు ఏల పుట్టదు? రావలసిన వానలు 5, వచ్చినవి 2, సవరించిన బాకీ ఇంత అని పలకమీద ఏల వ్రాయరు?

ఈ ప్రశ్నను నేనొక బ్యాంకులో అడిగితిని. కుర్చీలోని యువకుడు యోగ్యుడు, క్రికెట్టు పిచ్చిగలవాడు. "అయ్యా, మీరు పంటబీమా కట్టినారు గదా" అనెను. కట్టితిని, అయితే నష్టమును నా చేనినిబట్టి కాక, చుట్టుపట్ల ఊళ్ళ సరాసరి దిగుబడినిబట్టి నిర్ణయింతురు, పొరుగుజట్టు సెంచరీ కొట్టినది గనుక మీరు అవుటు కాలేదనుట ఏ నిబంధన అంటిని. అతడు నవ్వి, అది పైవారు తేల్చవలసిన సంగతియని చెప్పి, మ్రోగిన ఫోనునెత్తి చూచుకొని, "చెన్నైలో వానట, ఆట ఆగిపోయినదండీ, పాపము!" అనెను.