అరణం

1848 డిసెంబరు 21. అమెరికాలో జార్జియా రాష్ట్రం, మేకన్ రైల్వేస్టేషన్. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఒక కుర్ర దొర సవానా వెళ్లే బండికి రెండు టిక్కెట్లు తీసుకున్నాడు. ఒకటి తనకు, ఒకటి వెంట ఉన్న నల్ల నౌకరుకు. దొర ఒంట్లో బాగోలేనట్టు కనిపిస్తున్నాడు. కుడిచెయ్యి మెడకు కట్టిన గుడ్డలో వేలాడుతోంది. దవడకు పట్టు వేసి తల చుట్టూ కట్టు కట్టి ఉంది. కళ్లకు ఆకుపచ్చ అద్దాలు, నెత్తిన పొడుగాటి టోపీ. దొర తెల్లవాళ్ల పెట్టెలో ఎక్కాడు. నౌకరు నల్లవాళ్ల పెట్టెలోకి వెళ్లాడు.

ఆ దొర దొర కాదు, ఎలెన్ అనే ఇరవై రెండేళ్ల బానిస. నౌకరు ఆమె భర్త విలియం క్రాఫ్ట్. అతనూ బానిసే. ఎలెన్ ఛాయ తెల్లవాళ్లలో కలిసిపోయేది. ఎందుకంటే... ఆ సంగతి తర్వాత చెబుతాను.

బండి కదలకముందే విలియం పనిచేసే వడ్రంగి షాపు యజమాని ప్లాట్‌ఫారం మీద ప్రత్యక్షమయ్యాడు. ఒక్కో పెట్టెలోకీ తొంగి చూసుకుంటూ వస్తున్నాడు. విలియం ఉన్న పెట్టె దాకా వచ్చేలోపు బండి కదిలింది. ఆ గండం గడిచింది కదా అనుకునే వేళకు అవతలి పెట్టెలో ఎలెన్ పైప్రాణాలు పైనే పోయి ఉన్నాయి. పక్కన కూర్చున్నది క్రే అనే పెద్దమనిషి. ఆమె యజమాని రాబర్ట్ కాలిన్స్‌కు స్నేహితుడు. ముందురోజే ఆ ఇంట్లో భోంచేసి వెళ్లాడు. ఎలెన్‌ను చిన్నప్పటినుంచీ ఎరిగినవాడు.

ఆయన పక్కకు తిరిగి, పొద్దున ఎంత హాయిగా ఉందో అంటూ పలకరించాడు. నోరు విప్పితే గొంతు పట్టిస్తుంది. ఎలెన్ కిటికీలోంచి చూపు తిప్పలేదు. ఆయన మళ్లీ అన్నాడు. మూడోసారి పెట్టెలో ఉన్నవాళ్లందరికీ వినబడేలా గట్టిగా అన్నాడు. అప్పుడు తలవంచి 'అవును' అని ఒక్కమాట అంది. పాపం చెవుడు కాబోలని జాలిపడ్డారు తోటి ప్రయాణికులు. క్రే ఇక ఆ కుర్రవాణ్ణి ఇబ్బంది పెట్టదలచుకోలేదు.

చేతికి కట్టిన ఆ గుడ్డ గురించి చెప్పాలి. దారిలో హోటళ్లలో, సుంకం ఆఫీసుల్లో దొరలు రిజిస్టరులో పేరు రాయాలి. ఎలెన్‌కు ఓనమాలు రావు. జార్జియాలో బానిసకు చదువు చెప్పడం నేరం. అన్నీ సిద్ధం చేసుకున్నాక ఈ సంగతి తట్టి మొగుడూ పెళ్లాలిద్దరూ తమ చిన్న గదిలో కూలబడిపోయారు. కాసేపటికి ఎలెన్ తలెత్తింది. చెయ్యి నొప్పి అని కట్టు కట్టుకుంటే సంతకం ఎవరు అడుగుతారు? మీసకట్టు లేని మొహాన్ని దవడ కట్టు దాస్తుంది. కళ్లలో బెదురును రంగు అద్దాలు దాస్తాయి. పంట్లాం ఆమే కుట్టుకుంది. జుట్టు విలియం కత్తిరించాడు. చదువు లేకుండా చేసిన చట్టానికి చదువురాని పిల్ల చెప్పిన జవాబు ఆ గుడ్డముక్క.

చార్లెస్టన్‌లో సుంకం అధికారి సంతకం పెట్టాల్సిందేనని పట్టుబట్టాడు. చెయ్యి చూపించినా వినలేదు. చివరికి ఓడ కెప్టెన్ పూచీపడి తానే పేరు రాశాడు. బాల్టిమోర్‌లో వచ్చింది అసలు ఆపద. బానిసత్వం లేని ఉత్తరాదికి ముందు అదే ఆఖరి పెద్ద మజిలీ. ఈ నల్లవాడు నీ సొత్తేనని ఋజువు చూపించు, లేకపోతే బండి ఎక్కనివ్వం అన్నారు. భర్త తన సొత్తని భార్య ఋజువు చేయాలి! ఇద్దరూ బిగుసుకుపోయి నిలబడ్డారు. ఇంతలో బండి గంట మోగింది. రోగిష్టి కుర్రాడని జాలిపడ్డాడో ఏమో, అధికారి పొమ్మన్నాడు.

క్రిస్మస్ రోజు తెల్లవారేసరికి ఫిలడెల్ఫియాలో దిగారు. నాలుగు రోజులు, సుమారు వెయ్యి మైళ్లు. క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన ఒక కుటుంబం ఆదరించి, ఇద్దరికీ అక్షరాలు మొదలుపెట్టించింది. తర్వాత బోస్టన్ చేరి బానిసత్వ నిర్మూలన సభల్లో తమ కథ చెప్పారు. జనం విరగబడి వచ్చారు.

వాళ్ల పేరు దక్షిణాదికీ చేరింది. 1850 సెప్టెంబరులో పారిపోయిన బానిసల చట్టం వచ్చింది. దాని ప్రకారం ఉత్తరాదిలో ఎక్కడున్నా పట్టి అప్పగించాల్సిందే. దాచినవాళ్లకు వెయ్యి డాలర్ల వరకు జుర్మానా, ఆరు నెలల వరకు జైలు. విచారణ జరిపే కమిషనర్‌కు, బానిస అని తేల్చి వెనక్కి పంపితే పది డాలర్లు, వదిలేస్తే అయిదు. న్యాయానికి ధర ఇంత బాహాటంగా రాసిపెట్టిన చట్టాన్ని నేను మరొకటి ఎరగను.

నెల తిరక్కుండానే రాబర్ట్ కాలిన్స్ ఇద్దరు మనుషుల్ని బోస్టన్‌కు తోలాడు. ఒకప్పుడు తానూ బానిసగా ఉండి తప్పించుకు వచ్చిన లూయిస్ హేడెన్ విలియంను తన ఇంట్లో పెట్టుకుని, తుపాకి మందు పీపాలు దగ్గర ఉంచుకున్నాడు. గడప దాటి వస్తే ఇల్లంతా పేల్చేస్తానన్నాడు. బోస్టన్ జనం ఆ ఇద్దరి మీద కేసు మీద కేసు పెట్టి, వీధిలో వెంటబడి, ఊరు వదిలి పోయేదాకా ఊపిరి సలపనివ్వలేదు.

కాలిన్స్ ఊరుకోలేదు. ఏకంగా అధ్యక్షుడు ఫిల్మోర్‌కే ఉత్తరం రాశాడు. చట్టం అమలుకు అవసరమైతే సైన్యాన్నైనా దించుతామని బదులొచ్చింది. ఇక అమెరికాలో నిలవనీడ లేదని అర్థమై ఎలెన్, విలియం ఇంగ్లండుకు ఓడెక్కారు. పంతొమ్మిదేళ్లు అక్కడే ఉన్నారు. అయిదుగురు పిల్లలు పుట్టారు, అయిదుగురూ స్వతంత్రులుగానే.

ఇప్పుడు ఆ ఛాయ సంగతి.

ఎలెన్ పుట్టింది జేమ్స్ స్మిత్ అనే మేజర్ ఇంట్లో. తల్లి మరియా ఆయన బానిస. ఇంటికొచ్చిన చుట్టాలు ఎలెన్‌ను చూసి ఆ ఇంటి బిడ్డే అనుకునేవారు. అలా అనుకున్నప్పుడల్లా మేజర్ భార్యకు ఒళ్లు మండేది. 1837లో కూతురు ఎలైజాకు పెళ్లయితే, పదకొండేళ్ల ఎలెన్‌ను తల్లి దగ్గరనుంచి విడదీసి పెళ్లికూతురితో అరణంగా పంపేసింది. పీడ వదిలిందనుకుంది.

చుట్టాలు పొరబడలేదు. ఎలెన్ ఆ ఇంటి బిడ్డే. తండ్రి మేజర్ స్మిత్. తల్లి బానిసైతే బిడ్డా బానిసే అన్నది అక్కడి చట్టం, తండ్రి ఎవరైనా సరే. అరణంగా వెళ్లింది సవతి అక్క కాపురానికి.

ఆ పెళ్లికొడుకు రాబర్ట్ కాలిన్స్. చట్టం ప్రకారం ఎలెన్‌కు యజమాని. మన వరసలో అయితే, బావ.