అరవై వాట్ల బుగ్గ

నాగర్‌కర్నూల్ దగ్గర ఓ పల్లె. అక్కడ ఓ ఇంటి గూట్లో, పాత చక్కెర డబ్బాలో ఒక బుగ్గ ఉంది. పుస్తకాల్లో బల్బు అని రాస్తారు గానీ ఆ ఇంట్లో దాన్ని పిలిచేది బుగ్గ అనే. ‘నేను’ అనడం దానికి అలవాటు లేదు. తన కథ చెప్పుకున్నా ‘ఈ బుగ్గ’ అనే మొదలుపెడుతుంది.

ఈ బుగ్గ ఇంటికొచ్చేనాటికి నాగర్‌కర్నూల్ ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉంది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడేసరికి బుగ్గ కొలువు ఊడింది. 2015 జనవరిలో ఉజాలా పథకం మొదలయ్యాక ఎల్‌ఈడీలు చవకయ్యాయి. అవి 9 వాట్లతో ఇచ్చే వెలుతురుకు ఇది 60 వాట్లు మింగుతుంది. అందులో పదో వంతు కూడా వెలుగు కాదు, మిగిలిందంతా వేడే. లోపలి టంగ్‌స్టన్ తీగ 2,500 డిగ్రీల దాకా కాగుతుంది మరి. ఉత్త దండగ అన్నారు, డబ్బాలో పెట్టారు.

పుష్యమాసంలో ఒక రాత్రి ఆ డబ్బా మూత లేచింది.

ఇంటి పెట్ట 21 రోజులు పొదిగి పదకొండు పిల్లల్ని లేపింది. పది తల్లి రెక్కల కింద దూరాయి. ఒకటి మాత్రం గంప సందులోంచి జారి కుడితి తొట్టి పక్కన తడిలో పడింది. అవ్వ చూసేసరికి మెడ వాలిపోయింది, కళ్లు మూతపడ్డాయి. అప్పుడే పుట్టిన పిల్లకు ఈకలుండవు, నూగే ఉంటుంది. అది తడిస్తే కప్పుకోను ఏమీ లేనట్టే. ఒంటి వేడిని నిలుపుకోవడం దానికి తొలి రెండు మూడు వారాలూ సరిగా చేతకాదు.

అవ్వ నూకలు తెచ్చింది. పశువుల దవాఖానలో విన్న మాట మనవరాలికి గుర్తుంది.

“గిప్పుడే నూకలెయ్యకు అవ్వా. ఒళ్లు సల్లగుంటే మేత అరగదు. ముందుగాల ఎచ్చగ చెయ్యాలె.”

“ఆకలితోని సస్తది గదనే బిడ్డా!”

“సావది. గుడ్డుల పచ్చసొన ఇంకా దాని కడుపులనే ఉంటది.”

మనవరాలు చెప్పింది నిజమే. బయటికి వచ్చేముందు కోడిపిల్ల మిగిలిన సొనను పొట్టలోకి లాక్కుంటుంది. దాని మీదే రెండు రోజులు గడుపుతుంది. వేల పిల్లల్ని పెట్టెల్లో సర్ది దూరాలకు పంపగలుగుతున్నది ఆ బలంతోనే.

పాత చీర ముక్కతో ఒళ్లు తుడిచారు. అట్టపెట్టెలో ఊక పోసి, ఒక మూలకు ఈ బుగ్గను వేలాడదీశారు. వైరును నమ్ముకోకుండా తాడుతో దూలానికి బిగించారు, ఊక మీద పడితే నిప్పే. పిల్ల వీపు ఎత్తున మనవరాలు అరచెయ్యి ఆనించి చూసింది. చురుక్కుమంటే తాడు పైకి లాగింది. తొలి వారం కావలసింది 35 డిగ్రీల వరకే, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ పోవాలి. రెండో మూలను చల్లగా వదిలేశారు, వేడెక్కువైతే పిల్లే జరుగుతుందని.

ఈ పని బుగ్గకు కొత్త కాదు. ఒకసారి ఇదే ఇంటికి వనరాజా పిల్లలు వచ్చాయి, రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన కేంద్రం రూపొందించిన రకం. వాటి వెంట తల్లి రాదు, బుగ్గే తల్లి. పిల్లకు రెండు వాట్ల లెక్కన వెలగాలి. అన్నీ బుగ్గ కిందే కుప్పపడితే చలి, నోళ్లు తెరిచి అంచులకు పోతే ఉక్క, ఒకే పక్కకు చేరితే ఎటునుంచో గాలి. సమంగా పరుచుకుంటే సరిపోయినట్టు. థర్మామీటరు చూసే పనే లేకపోయింది.

ఈసారి ఉన్నది ఒక్కటే. గంటకు కాలు కదిపింది. ఇంకాసేపటికి కీచుమంది. అప్పుడు గోరువెచ్చని బెల్లం నీళ్లలో ముక్కు కొస ముంచారు. నోట్లో పోస్తే ఊపిరి గొట్టంలోకి పోతుందట. ముక్కు పైకెత్తి గుటక వేసింది.

నడిరేయి కరెంటు పోయింది. అవ్వ సీసాలో వేన్నీళ్లు పోసి, గుడ్డ చుట్టి పెట్టెలో పడుకోబెట్టింది. తెల్లవారుజామున బుగ్గ మళ్లీ వెలిగేసరికి పిల్ల ఆ సీసాను ఆనుకుని ఉంది.

పొద్దంతా నూకలు తిని, ఆ రాత్రి చీకట్లో తల్లి కిందికి చేరింది. చీకట్లోనైతే పెట్ట కొత్త పాత చూడదు. పొదిగే కోడి పొట్ట కింద ఈకలు రాలి బోసిగా ఉంటుంది, చర్మం వేడి నేరుగా పిల్లకు తగులుతుంది.

అవ్వ బుగ్గను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. చప్పుడు రాలేదు, తీగ తెగలేదు. చీర ముక్కలో చుట్టి మళ్లీ చక్కెర డబ్బాలో పెట్టింది. ఈసారి మూత గట్టిగా బిగించలేదు.