మైకు మూలన పెట్టండి

హామ్ రేడియో లైసెన్సుకు అప్లై చేయబోతున్నారా? మీకు నలుగురూ చెప్పే మాట ఒకటే: "ముందు రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ రాసెయ్యండి, మోర్స్ కోడ్ పరీక్ష గొడవ ఉండదు. జనరల్ సంగతి తర్వాత చూసుకోవచ్చు." వినకండి. ఆ తర్వాత అనేది రాదు. మైకు చేతికొచ్చిన మనిషి మళ్లీ చుక్కకు డిట్, గీతకు డా అంటూ కూర్చోడు. నేరుగా జనరల్ గ్రేడ్‌కే కట్టండి. 1978 నాటి భారత అమెచ్యూర్ రేడియో రూల్స్‌కు తర్వాత వచ్చిన సవరణల ప్రకారం దానికి నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ అందుకోవాలి, పంపాలి. మాటకు 5 అక్షరాల చొప్పున 5 నిమిషాల్లో 200 అక్షరాలు. ఫెయిలయ్యారా, మళ్లీ రాయండి. రెస్ట్రిక్టెడ్‌తో మాత్రం సరిపెట్టుకోవద్దు.

ఈ పరీక్షే దండగ అనేవాళ్ల చేతిలో కాగితాలు బలంగానే ఉన్నాయి. 30 మెగాహెర్ట్జ్‌కు దిగువన మాట్లాడాలంటే మోర్స్ వచ్చి తీరాలన్న అంతర్జాతీయ నిబంధనను 2003లో జెనీవాలో జరిగిన వరల్డ్ రేడియో కాన్ఫరెన్స్ ఎత్తేసి, నిర్ణయాన్ని ఆయా దేశాలకే వదిలేసింది. బ్రిటన్, జర్మనీ ఆ ఏడాదే పరీక్ష మానేశాయి. అమెరికా 1991లో టెక్నీషియన్ లైసెన్సుకు మినహాయింపు ఇచ్చింది, 2000లో పై స్థాయిలకు కూడా వేగాన్ని 5 మాటలకు దించింది, 2007 ఫిబ్రవరి 23 నుంచి పూర్తిగా తీసేసింది. తీసేశాక కూడా అక్కడ ఇష్టపడి నేర్చుకునేవాళ్లు ఉన్నారు, కాదనను. అయినా పరీక్ష తీసేసి అమెరికా చేసింది తప్పే. అక్కడి రాతపరీక్ష ప్రశ్నలన్నీ జవాబులతో సహా ముందే ప్రకటిస్తారు. బట్టీ కొట్టి గట్టెక్కొచ్చు. ముందురోజు రాత్రి కూర్చుని బట్టీ కొట్టలేనిది మోర్స్ ఒక్కటే. అది పోయాక ఆ పరీక్షలో చెవికి పని లేకుండా పోయింది. రేడియో దగ్గర కూర్చున్నవాడు చేసే పనిలో ముప్పాతిక వంతు వినడమే కదా!

నేర్చుకోవడానికి చుక్కలు, గీతల చార్టు గోడకు అంటించారా? చింపేయండి. కంటితో నేర్చుకున్నవాడు చెవిలో పడ్డ డిట్‌లను లెక్కపెడతాడు. 8 మాటల వేగంలో ఒక డిట్ 150 మిల్లీసెకన్లు కాబట్టి లెక్క సాగుతుంది, 20 మాటల్లో అది 60కి పడిపోగానే చేతులెత్తేస్తాడు. 1930లలో జర్మనీలో లుడ్విగ్ కోఖ్ చూపిన దారి పట్టండి. మొదటిరోజే 20 మాటల వేగంతో రెండే అక్షరాలు, కె, ఎం. డాడిడా, డాడా. నూటికి తొంభై సరిగ్గా రాసేదాకా మూడో అక్షరం జోలికి పోకండి. అక్షరం వేగం తగ్గించకుండా, అక్షరాల మధ్య ఎడం మాత్రం పెంచుకోండి. పరీక్ష దగ్గరపడ్డాక నెమ్మది అక్షరాలు కూడా విని అలవాటు చేసుకుంటే చాలు.

ఫోన్‌లో డీకోడర్ యాప్ ఉంటే తీసేయండి. సిగ్నల్ శుభ్రంగా ఉన్నంతసేపు అది బాగానే చదువుతుంది. రాత్రిపూట 7 మెగాహెర్ట్జ్ మీద ఎక్కడో ఉరుములు గరగరలాడుతూ, సిగ్నల్ తేలుతూ మునుగుతూ, రెండు స్టేషన్లు పక్కపక్కనే కూస్తుంటే తెరంతా అర్థంలేని అక్షరాలు కుమ్మరిస్తుంది. అలవాటైన చెవి పై శ్రుతిలో ఉన్నదాన్ని పట్టుకుని, కింది దాన్ని వదిలేస్తుంది. పోయిన అక్షరం కోసం మాత్రం వెనక్కి వెళ్లకండి, దాని వెంటపడితే తర్వాతి మూడూ పోతాయి. ఖాళీ వదిలి పెన్సిల్ ముందుకు జరపండి.

సెట్టు ఏదైనా కొనండి. హైదరాబాద్‌లో అష్హర్ ఫర్హాన్ రూపొందించిన మైక్రోబిట్‌ఎక్స్ అయినా సరే, మోర్స్ కీ పెట్టుకునే వీలుంది. మొదటి ఏడాది దానికి మైకు తగిలించకండి. గొంతుకు సుమారు 2,400 హెర్ట్జ్ వెడల్పు కావాలి, మోర్స్‌కు 150 చాలు. ఉన్న పవరంతా ఆ సన్నని జాగాలోనే పడుతుంది కనుక, బ్యాండ్ తెరుచుకున్న రోజున 5 వాట్లతో ఖండాలు దాటొచ్చు.

మోర్స్ వద్దనేవాళ్లు 2004 సునామీ మాట తప్పకుండా ఎత్తుతారు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున పోర్ట్ బ్లెయిర్ వెళ్లిన భారతి ప్రసాద్ బృందం ఎక్కువగా మాటలతోనే కదా కబుర్లు అందించింది అంటారు. నిజమే. మంచి సెట్టు, ఆంటెనా, ఆరితేరిన ఆపరేటర్లు అప్పటికే అక్కడ ఉన్నారు. వచ్చే తుపానుకు మీ ఊళ్లో ఆ మూడూ ఉంటాయని ఎవరు హామీ ఇస్తారు? సగం దిగిపోయిన బ్యాటరీ, చెట్టుకు కట్టిన తీగ మాత్రమే ఉన్నప్పటి సంగతి ఆలోచించండి.

చెవులు వినపడనివారికి మినహాయింపు కూడా నాకు సమ్మతం కాదు. దీపం వెలుగులోనూ, స్పీకర్ మీద వేళ్లు ఆనించీ మోర్స్ చదవొచ్చు. పరీక్షను వాళ్లకు ఆ రూపంలో పెట్టాలి.

లైసెన్సు చేతికొచ్చాక ఢిల్లీలో లైసెన్సులిచ్చే డబ్ల్యూపీసీకి ఒక ఉత్తరం రాయండి. జనరల్‌కు 8 మాటలు ఉంచడమే కాదు, రెస్ట్రిక్టెడ్‌కు కూడా కనీసం 5 మాటలు పెట్టమని అడగండి. అలా చేస్తే కొత్తవాళ్లు తగ్గిపోతారని జవాబొస్తుంది. తగ్గితే తగ్గనివ్వండని ఆ ఉత్తరంలోనే ముందుగా రాసేయండి.