వేసవి భాషాస్వయంవరము

పదవ తరగతి పరీక్షలు ముగిసిన మరునాడే మా రాజమహేంద్రవరమున ఇంటింట నొక స్వయంవరము ప్రారంభమగును. ఇందు వధువు పదునైదేండ్ల పిల్ల, వరులు భాషలు. ఐనను మాల పెద్దలచేత నుండుటయు, వధువు సభకు రాక లోపలిగదిలో నిద్రించుచుండుటయు దీని విశేషము.

మొన్న దానవాయిపేటలో మా బంధువులయింట ఇట్టి సభ తీరియుండగా, పిలువకయే వెళ్లి కూర్చుంటిని. పిల్ల మేనమామ జర్మనుపక్షము. ఆ దేశపు ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో చాలవరకు ఫీజులు లేవనియు, ఏ1 మొదలు సీ2 వరకు గల ఆరు మెట్లలో రెండింటినైనను ఈ రోహిణి దాటకమునుపే ఎక్కింపవలెననియు, ఎన్నడో చదువబోవు ఎమ్మెస్సుకై ఇప్పటినుండియే పిల్లకు వీసా వాసన చూపవలెననియు ఆయన వాదము. తాతగారు హిందీపక్షము. గాంధీమహాత్ముడు 1918లో మద్రాసున నెలకొల్పిన హిందీ ప్రచారసభవారి ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష పరీక్షలను వరుసగా గట్టెక్కిన ధీరులాయన. అటుపిమ్మట నేటివరకు ఎవ్వరితోను హిందీలో మాటాడిన పాపమున పోలేదు.

తండ్రి సంస్కృతమునకు మొగ్గెను. ఇంటరులో ద్వితీయభాషగా దానిని పుచ్చుకొన్నచో 100కు 99 ఖాయమట. "మాట్లాడక్కర్లేదండి, మార్కులొస్తే చాలు" అని ఆయన సెలవిచ్చునపుడు, పదిదినములలో సంస్కృతమున మాటాడింతుమని శిబిరములు నడుపు సంస్కృతభారతివారు దాపున లేకపోవుట మేలయ్యెను. రాజరాజనరేంద్రుని కొలువున నన్నయభట్టు భారతాంధ్రీకరణమునకు పూనుకొన్న పట్టణమున సంస్కృతమునకు ఈపాటి గౌరవమైన మిగిలినందుకు సంతోషింపవలసినదే.

పిన్ని ఫ్రెంచి యనెను. మంచిదే, కాకినాడకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున, 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన యానాము కలదుగదా యంటిని. "ఆన్‌లైన్‌లో పారిస్ మేడమ్‌గారుండగా యానాం ఎందుకండీ!" అని ఆమె నా అజ్ఞానమునకు జాలిపడెను.

గిడుగు రామమూర్తిపంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా నుండి, కొండలనుండి దిగివచ్చు సవరలతో మాటాడవలెనని వారి భాష నేర్చి, 1931లో దాని వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలయించి, కడపటి యేండ్లు మన యూరనే గడపిరని చెప్పబోగా, మేనమామ అడ్డుతగిలి "దానికి ఆయనకు ఏ లెవెల్ సర్టిఫికెట్టు ఇచ్చారండి?" అనెను. నిరుత్తరుడనైతిని.

అంతలో పిల్ల కన్నులు నులుముకొనుచు వచ్చి, కడియపులంకలో స్నేహితురాలివాళ్ల నర్సరీకి పోయి సెలవులు గడపెదననెను. ఆ నర్సరీ నేనెరుగుదును. నల్లని పాలితీను సంచులలోని క్రోటను మొక్కలను లారీకెక్కించు కుర్రడొకడచ్చట కలడు. పూణే డ్రైవరుతో మరాఠీలోను, కటకము డ్రైవరుతో ఒరియాలోను పరాచికములాడుచు, ధర తగ్గింపుమన్నవానిని వాని భాషలోనే ముద్దుగా తిట్టి, వాడు నవ్వుచుండగా మొక్కకు రెండు రూపాయలు పెంచగల దిట్ట. వాడే మెట్టు మీద నున్నాడో వానికిని తెలియదు.

"అక్కడ నేర్చుకుంటే ఎవరికి చెప్పుకుంటాం?" అని తల్లి ఆ ప్రస్తావము త్రుంచివేసెను.

తుదకు రాజీ కుదిరినది. ఉదయము జర్మను, మధ్యాహ్నము సంస్కృతము, రాత్రి పారిస్ మేడమ్‌గారు. తాతగారి తృప్తికై ఆదివారము హిందీ. కడియపులంక సంగతి, కళాశాల తెరచిన పిదప తీరికగా ఆలోచింతురట.