దయామయుల దినోత్సవము

ప్రతి సంవత్సరము అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవమైన డిసెంబరు 3వ తేదీన మన నిజామాబాదు పట్టణమున దయ పొంగిపొరలును. షామియానాలు వెలయును, శాలువాలు కట్టలు కట్టలుగ దిగును, చక్రాల కుర్చీలలో వచ్చినవారిని, మెట్లు తప్ప మఱియొక త్రోవలేని వేదిక క్రింద వరుసదీర్చి, పెద్దలు పైనుండి కొనియాడుదురు. “మీ సంకల్పబలమే మాకాదర్శము” అని గద్గదకంఠమున పలికిన మహాశయునకే, మఱునాడు ఆ వచ్చినవారిలోని ముప్పదేండ్ల యువకుడొకడు పనికై దరఖాస్తు నందించెనేని, ఆ యాదర్శమును గుర్తుపట్టుటకైనను తీరిక చిక్కదు.

మనవారి సిద్ధాంతము మిక్కిలి సరళమైనది. వికలాంగుడు పదునెనిమిదేండ్లవఱకు నేర్చుకొనవచ్చును. ఆ పుట్టినరోజు రాత్రియే వాని బుద్ధి యెదుగుట మానివేయును. అటుపిమ్మట వానికి కావలసినవి వైకల్య ధ్రువపత్రము, పింఛను, ఇంటి అరుగుపై ఇంత చోటు. 2023లో 4,016 రూపాయలైన ఆ పింఛను బ్రతుకునకు ఆసరాయే కాని, పని యడుగకుండుటకు ముట్టచెప్పిన రుసుము కాదు. మనవారికున్న ఆ లోకజ్ఞానము లేక కాబోలు, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, 21 విధముల వైకల్యములను గుర్తించి, సర్కారు కొలువులలో నూటికి నాలుగు కేటాయించుటయే గాక, వయోజనవిద్యలోను నిరంతరవిద్యలోను తక్కినవారితో సమానముగ వారిని చేర్చుకొనవలెనని 18వ సెక్షనులో శాసించినది.

“పాపము, వారికేమి పని చేతనగును?” అని జాలిపడువారు డిచ్‌పల్లిదాక పోయి రావలెను. 1915లో ఇసబెల్ కెర్ దొరసాని అచట నెలకొల్పిన కుష్ఠు చికిత్సాలయమున, ఊరు వెలివేసిన చేతులే పొలము పనులు చేసినవి, తోటలు పెంచినవి. నేడును పసుపు రాశి ముందఱ, బుద్ధిమాంద్యము గలవాడని ముద్రపడిన యువకుని కూర్చుండబెట్టి, కొమ్మును మండను ప్రక్కప్రక్కన నుంచి, చేయిపట్టి, తొందరపడక కొన్నాళ్లు చూపినచో, వేఱుచేయుట నేర్చుటయే గాక మన పొరపాటును సయితము వాడు దిద్దగలడు. కాని, అట్లు చూపుటకు గురువు కావలెను, ఓర్పు కావలెను. శాలువాకైనచో అంగడి యున్న చాలును!

ఇక బోధను శక్కర్‌నగరులోని నిజాం చక్కెర కర్మాగారమును చూడుడు. 1937లో వెలసి, ఆసియాలోనే అతిపెద్దదని పేరుమోసి, 2015 డిసెంబరులో మూతపడినది. దానికి వైకల్యశాతము కట్టి అరుగుమీద కూర్చుండబెట్టిన వాడొక్కడును లేడు; పైగా, ఎన్నికలకెన్నికలకు దానిని పునరుద్ధరింతుమని వాగ్దానములు! తుప్పుపట్టిన యంత్రమున నింత సామర్థ్యమును దర్శించు దివ్యదృష్టి, ప్రాణమున్న మనిషి యెదుట నిలిచినప్పుడు మసకబాఱుట యేల?

కావున, వేదికనెక్కు మహాశయులకొక విన్నపము. ఈయేడు ప్రశంసలు మాని రెండంకెలు చదువుడు: మీ కార్యాలయమున ఆ నూటికి నాలుగింటిలో నెన్ని నిండినవి? పదునెనిమిదేండ్లు దాటినవారికి పని నేర్పుటకు ఈ జిల్లాలో మీరు నియమించిన గురువులెందఱు? ఆ యంకెలు లేని ప్రసంగమునకు చప్పట్లు కొట్టకుండుట మా వంతు.